గోదాము పిల్లికి కీళ్ళు పట్టేస్తే: డ్రై ఫుడ్, సప్లిమెంట్లు ఎలా ఎంచుకోవాలి?



ప్రకృతి వ్యవసాయంలో ఆవు గురించి, వానపాము గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. పిల్లి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కానీ విత్తనం దాచుకునే ప్రతి రైతుకీ దాని విలువ తెలుసు. జింక్ ఫాస్ఫైడ్ గానీ, బ్రోమాడియోలోన్ గానీ గోదాములో పెడితే ఎలుక ఒక్కటే చావదు. ఆ ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా పోయే ప్రమాదం ఉంది. విషం లేని బియ్యం అని సంచి మీద రాసి అమ్ముకునే మనం ఆ మందులు గోదాములో ఎలా పెడతాం?

మా దగ్గర నవార, బహురూపి, కుళ్ళాకార్ వడ్లు ఏడాది పొడుగునా నిల్వ ఉంటాయి. వాటికి కాపలా గౌరి, మా పిల్లి. ఇప్పుడు దానికి 11 ఏళ్ళు. బస్తాల దొంతి పైదాకా ఒక్క దూకులో ఎక్కేది, ఈమధ్య రెండో వరుస దగ్గరే ఆగిపోతోంది. ఏ డ్రై ఫుడ్ కొనాలి, కీళ్ళకు ఏ పౌడర్ వేయాలి అని నేను తిరిగి, చదివి, పశువుల డాక్టర్ గారిని అడిగి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే: ముందు బరువు, తర్వాత మేత, ఆ తర్వాతే సప్లిమెంట్. డబ్బు కూడా ఈ వరుసలోనే ఖర్చు పెట్టండి.

పిల్లి కుంటదు, పని మానేస్తుంది

ఎద్దుకు కాలు నొప్పి వస్తే కుంటుతుంది, మనకు వెంటనే తెలుస్తుంది. పిల్లి అలా కాదు. దానికి కీళ్ళ అరుగుదల తరచుగా రెండు వైపులా సమానంగా వస్తుంది కాబట్టి కుంటు కనపడదు. పైగా నొప్పిని దాచుకునే జంతువు. అందుకే మనం "ముసలిదైపోయింది, పడుకుంటోంది" అనుకుని వదిలేస్తాం. 2002లో అమెరికాలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల కనిపించింది. అంటే ముసలి పిల్లికి ఇది అరుదైన జబ్బు కానే కాదు.

చూడాల్సినవి ఆరు: పరిగెత్తడం, పైకి దూకడం, కిందికి దూకడం, మెట్లు ఎక్కడం, మెట్లు దిగడం, కదిలేదాని వెంట పడటం. వీటిలో ఏది తగ్గినా, చేసే తీరు మారినా అనుమానించాలి. వీపు మీద బొచ్చు నాక్కోక జడలు కట్టడం, గోళ్ళు పెరిగిపోవడం కూడా గుర్తులే. ఆసుపత్రి బల్ల మీద పిల్లి భయంతో బిగుసుకుపోతుంది, డాక్టర్‌కి నడక కనపడదు. కాబట్టి ఇంటి దగ్గరే ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్ళండి. గౌరి మెట్టు దిగేటప్పుడు ముందు కాళ్ళు ఎలా తడబడుతున్నాయో పై వీడియోలో చూడొచ్చు.

పెరుగన్నంతో పిల్లి బతకదు

మన ఊళ్ళలో పిల్లికి పెట్టేది పాలు, పెరుగన్నం, మిగిలిన కూర. ఎలుకలు, తొండలు పట్టుకుని తిన్నంత కాలం లోటు తెలియదు. వేట తగ్గాకే అసలు సమస్య మొదలవుతుంది.

పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని సరిపడా తన ఒంట్లో తయారు చేసుకోలేదు, అది మాంసం నుంచే రావాలి. టారిన్ లోపంతో పిల్లి గుండె పెద్దదై బలహీనపడుతుందని 1987లో తేలింది. లోపం ఎక్కువ కాలం ఉంటే చూపు కూడా పోతుంది. క్యారెట్లో ఉండే బీటా కెరోటిన్‌ను మనం విటమిన్ ఏగా మార్చుకుంటాం, పిల్లి మార్చుకోలేదు. కుక్క ఫుడ్ కూడా పిల్లికి సరిపోదు, ఎందుకంటే అందులో టారిన్ కలపాలన్న నియమం లేదు. ఎదిగిన పిల్లులు చాలా వాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి.

"కడుపు నిండా పెడితే ఎలుకల్ని పట్టదు" అంటారు ఊళ్ళో. వేటకు ఆకలి ఒక్కటే కారణం కాదండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసం ఎక్కువగా ఉన్న మేత పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36% తగ్గింది, పూర్తిగా ఆగలేదు. మా గోదాములో ఇప్పుడు ఎక్కువ పని గౌరి కూతురు చూసుకుంటోంది. అది కూడా రెండు పూటలా తిని మరీ వేటాడుతోంది.

సంచి ముందు బొమ్మ కాదు, వెనక లెక్క చూడండి

ఎరువు బస్తా మీద బొమ్మ చూసి కొనం కదా, నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని చూస్తాం. ఇదీ అంతే.

మొదటిది, "కంప్లీట్" ఆహారం అని, పెద్ద పిల్లులకు అని ఉండాలి. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది చిరుతిండి కింద లెక్క.

రెండోది ప్రోటీన్. అమెరికా మేత ప్రమాణాల ప్రకారం ఎదిగిన పిల్లి మేతలో తేమ తీసేశాక కనీసం 26% ప్రోటీన్ ఉండాలి. డ్రై ఫుడ్ అయితే టారిన్ కనీసం 0.1% ఉండాలి. ఇవి కనీసం మాత్రమే. ముసలి పిల్లికి కండ కరిగిపోతుంది, కండ తగ్గితే కీలు మీద భారం పెరుగుతుంది. అందుకే గౌరికి నేను 35% చుట్టుపక్కల ఉన్నది ఎంచుకున్నాను. కిడ్నీ జబ్బు ఉన్న పిల్లికి మాత్రం డాక్టర్ చెప్పిన మేతే పెట్టాలి.

మూడోది పిండి పదార్థం. ఇది సంచి మీద రాయరు, మనమే కట్టుకోవాలి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద అన్నీ కూడి 100లోంచి తీసేయండి. ఒక సంచిలో 30, 10, 4, 10, 8 ఉంటే మొత్తం 62, మిగిలిన 38% పిండి పదార్థమే. ఇంకో దాంట్లో 36, 16, 4, 10, 8 ఉంటే మొత్తం 74, పిండి 26%. బూడిద శాతం రాయకపోతే 8 వేసుకోండి, అంచనాకు సరిపోతుంది. "గ్రెయిన్ ఫ్రీ" అని ఉన్నా ఈ లెక్క కట్టండి, ధాన్యం బదులు బఠాణీ, బంగాళాదుంప వేసి ఉంటారు.

నాలుగోది పదార్థాల వరుస. వండక ముందు బరువును బట్టి పెద్దది ముందు రాస్తారు. పచ్చి చికెన్‌లో దాదాపు 70% నీళ్ళే కాబట్టి మొదట "చికెన్" అని ఉన్నా ఆరాక దాని వాటా తగ్గిపోతుంది. "చికెన్ మీల్" అంటే ఎండబెట్టి పొడి చేసినది. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, బియ్యం పొడి అని విడివిడిగా రాస్తే మూడూ కలిపి చూసుకోండి.

సంచి చిన్నది కొనండి, విప్పాక నెల, నెలన్నరలో అయిపోవాలి. వేరుశనగకు బూజు పడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడా అదే అఫ్లాటాక్సిన్ భయం. కొవ్వు మక్కు వాసన వస్తే పడేయండి. డ్రై ఫుడ్‌లో తేమ 10% లోపే కాబట్టి రెండు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టండి.

ఎంత పెట్టాలి?

కీళ్ళకు అన్నిటికంటే చవకైన మందు బరువు తగ్గించడం. ఫోన్ క్యాలిక్యులేటర్‌తో లెక్క ఇలా: పిల్లి ఉండాల్సిన బరువును మూడు సార్లు గుణించి, రెండు సార్లు వర్గమూలం తీసి, 70తో గుణించండి. 4 కిలోలకు 4×4×4 అంటే 64, వర్గమూలం 8, మళ్ళీ వర్గమూలం 2.83, దాన్ని 70తో గుణిస్తే దాదాపు 200 కిలోక్యాలరీలు. కదలిక తక్కువ ఉన్న ముసలి పిల్లికి రోజుకు ఇది ఆరంభం. 100 గ్రాములకు 380 కిలోక్యాలరీలు ఉన్న ఫుడ్ అయితే సుమారు 53 గ్రాములు. గుప్పెడు లెక్క వద్దు, చిన్న కాటాలో తూచండి. చేప ముక్కలు పెట్టిన రోజు ఆ మేరకు తగ్గించండి.

గౌరి 4.8 కిలోలు ఉండేది. నాలుగు నెలల్లో 4.2కి వచ్చింది. అంతకంటే తొందర పడకూడదు. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. పస్తు పెట్టొద్దు. కొత్త ఫుడ్‌ని కూడా పాతదాంట్లో కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి.

కీళ్ళ సప్లిమెంట్లు: దేనికి డబ్బు పెట్టాలి?

షాపులో ఎక్కువగా కనిపించేది గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. మొదటిది ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి, రెండోది మృదులాస్థి నుంచి తీస్తారు. 2022లో కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు కుక్కలు, పిల్లుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. ఒమేగా 3 ఉన్న మేతలు, సప్లిమెంట్లు నొప్పి తగ్గించడంలో పనిచేశాయని, గ్లూకోసమైన్–కాండ్రాయిటిన్ నొప్పికి పనిచేస్తున్నట్టు ఆధారం లేదని తేల్చారు. అందుకే నేను గ్లూకోసమైన్ కొనలేదు, ఆ డబ్బు మంచి మేతకి, చేపనూనెకి పెట్టాను.

చేపనూనె కొనేటప్పుడు "1000 మిల్లీగ్రాములు" అన్న అంకె చూసి మోసపోకండి. మామూలు క్యాప్సూల్‌లో ఇ.పి.ఏ. 180, డి.హెచ్.ఏ. 120, అంటే పనికొచ్చే సరుకు 300 మిల్లీగ్రాములే. ఆ రెండు అంకెలే డాక్టర్‌కి చూపించి పిల్లి బరువుకు డోసు రాయించుకోండి. ఎక్కువైతే విరేచనాలు అవుతాయి.

మనలో చాలామందికి వచ్చే ఆలోచన, అవిసె గింజల్లో ఒమేగా 3 ఉంది కదా, మన పొలంలోదే వేద్దాం అని. మనకు మంచిదే గానీ పిల్లికి కాదు. అవిసెలో ఉన్న రూపాన్ని ఇ.పి.ఏ., డి.హెచ్.ఏ.గా మార్చుకునే శక్తి పిల్లికి చాలా తక్కువ. దానికి చేపే కావాలి. కవళ్ళు, కానాగంతలు దొరికితే ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి వారానికి ఒకటి రెండు సార్లు కొంచెం పెట్టండి. రోజూ చేపే పెడితే విటమిన్ ఇ తగ్గి ఒంట్లో కొవ్వు వాచిపోయే జబ్బు వస్తుంది.

కాడ్ లివర్ ఆయిల్ వేరే సరుకు, అది వద్దు. అందులో విటమిన్ ఏ ఎక్కువ. చికెన్ షాపులో చవకగా వస్తుందని రోజూ లివర్ పెట్టినా ఇదే ప్రమాదం. విటమిన్ ఏ ఎక్కువైతే పిల్లి మెడ ఎముకల దగ్గర కొత్త ఎముక పెరిగి కీళ్ళు అతుక్కుపోతాయి. కీళ్ళ కోసం పెట్టింది కీళ్ళనే చెడగొడుతుంది.

ఏది వాడినా ఒక్కసారి ఒక్కటే మొదలుపెట్టండి. కషాయం కొట్టిన మడి పక్కన కొట్టని మడి ఉంచుకుని చూస్తాం కదా, ఇక్కడ పాత వీడియోనే మన కొట్టని మడి. ఆరు వారాల తర్వాత అదే మెట్టు, అదే బస్తా దగ్గర మళ్ళీ వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి.

సహజం అంటే క్షేమం కాదు

పిల్లి కాలేయం మన కాలేయంలా పనిచేయదు. ఈ జాగ్రత్తలు ఇంట్లో అందరికీ చెప్పండి.

పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీలను పోగొడతాయి. డైక్లోఫెనాక్ వల్ల రాబందులు ఏమయ్యాయో, 2006లో పశువులకు దాన్ని ఎందుకు ఆపించారో మనకు తెలిసిందే. నొప్పి ఎక్కువైతే డాక్టర్లు కొన్నిసార్లు మెలాక్సికామ్ రాస్తారు, కిడ్నీ రక్తపరీక్ష చూసి, చుక్కల లెక్కన. సొంతంగా వేయొద్దు. మనుషుల కీళ్ళ మాత్రలు కూడా వద్దు, కొన్నిటిలో వేరే మందులు కలిపి ఉంటాయి.

నీలగిరి తైలం, కర్పూరం కలిపిన నూనె కీళ్ళకు రాయకండి. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది, అది విషమవుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర పెడితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. అగ్నిఅస్త్రంలో వెల్లుల్లి, పొగాకు రెండూ ఉంటాయి కాబట్టి ఆ డ్రమ్ముకు మూత తప్పనిసరి.

పైసా ఖర్చు లేని మార్పులు

బస్తాలను మెట్లు మెట్లుగా పేర్చండి, దూకే ఎత్తు తగ్గుతుంది. పడుకునే చోట గోనె సంచి నాలుగు మడతలు వేయండి, చలికాలం సిమెంటు గచ్చు కీళ్ళను బిగబడుతుంది. గిన్నెలు కింద అందేటట్టు పెట్టండి. నెలకోసారి గోళ్ళు చూడండి.

పాలివ్వని ఆవును కబేళాకు పంపకూడదని మనం చెప్పుకుంటాం. పదేళ్ళు మన విత్తనం కాపాడిన పిల్లికీ అదే న్యాయం. రోజుకు 53 గ్రాముల మేత, ఒక చుక్క చేపనూనె, పడుకోవడానికి ఒక గోనె సంచి. ఇంతే అడుగుతోంది అది.

మీ గోదాము పిల్లి వయసు, బరువు, ఇప్పుడు పెడుతున్న మేత రాసి పంపండి, లెక్క కట్టడంలో సాయం చేస్తాను. మందు విషయం మాత్రం మీ పశువుల డాక్టర్ గారినే అడగండి. జై కిసాన్.