ఏ దళంలో చేరితే రేపు బయట ఉద్యోగం? అపోహలు – వాస్తవాలు

సైన్యంలో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు సిద్ధమయ్యే పిల్లలకంటే ముందు వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిందే. పదేళ్ల సర్వీసు, కావాలంటే మరో నాలుగేళ్లు. ముప్పై అయిదుకు అటూఇటూగా మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. అప్పటికి పెన్షన్ ఉంటుందని చాలామంది నమ్మకం. ఉండదు. అధికారికి పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు నిండాలి. షార్ట్ సర్వీస్ వారికి గ్రాట్యుటీ మాత్రం అందుతుంది.

అపోహ: నచ్చిన దళాన్ని మనమే ఎంచుకోవచ్చు.

వాస్తవం: ఇష్టాలను వరుసగా రాసివ్వడం వరకే మన చేతిలో ఉంది. శిక్షణలో తెచ్చుకున్న మెరిట్, ఆ బ్యాచ్‌కు ఉన్న ఖాళీలు చూసి అకాడమీలో కేటాయిస్తారు. పైగా ఏ దళం ఎవరికి తెరిచి ఉంటుందన్నదీ మారుతుంటుంది: ఆడపిల్లలకు ఫిరంగి దళం తలుపులు 2023లోనే తెరుచుకున్నాయి. ఒక్క దళాన్నే నమ్ముకుని భవిష్యత్తంతా లెక్కగట్టకండి.

అపోహ: సమాచార వ్యవస్థలు చూసే సిగ్నల్స్‌లోనో, ఎలక్ట్రానిక్స్–మెకానికల్ ఇంజినీర్ల దళమైన ఈఎంఈలోనో పడితే చాలు, ఐటీ కంపెనీలు పిలిచి ఉద్యోగమిస్తాయి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసే అపోహ ఇదే. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ కళాశాల ఎంసీఈఎంఈ, మహూలోని సిగ్నల్స్ కళాశాల ఎంసీటీఈ గట్టి సాంకేతిక విద్య నేర్పుతాయి, సందేహం లేదు. కానీ సిగ్నల్స్ అధికారి రోజంతా కోడ్ రాస్తూ కూర్చోడు. జవాన్లను నడిపించడం, పరికరాలకు జవాబుదారీగా ఉండడం, కొండమీద లైను తెగితే తెల్లవారేలోపు బాగుచేయించడం అతని పని. బయట ఇంటర్వ్యూలో మాత్రం ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. పైగా సైన్యంలో చేసిన పని వివరాలన్నీ బయోడేటాలో రాయడానికి రహస్య నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి బయట చెల్లే సర్టిఫికెట్లను సర్వీసులో ఉండగానే ఒక్కొక్కటిగా సంపాదించుకోవాలి. ఐఐటీల్లో ఎంటెక్‌కు సైన్యమే పంపే అవకాశం ఉంది. దానికీ పోటీ ఉంటుంది, ముందునుంచే సిద్ధం కావాలి.

అపోహ: పోరాడే దళాల వాళ్లకు బయట సెక్యూరిటీ ఆఫీసర్ కొలువే గతి.

వాస్తవం: ఒక ఉదాహరణ చూడండి. 'ఆకాశం నీ హద్దురా' సినిమాలో హీరోను వాయుసేన మనిషిగా చూపించారు. ఆ కథకు ప్రేరణైన కెప్టెన్ జి.ఆర్.గోపీనాథ్ వాయుసేనలో లేరు, సైన్యంలో పనిచేశారు. 1971 యుద్ధంలో పాల్గొని, సుమారు ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత బయటికొచ్చి హాసన్ జిల్లాలో పట్టుపురుగులు పెంచారు. 2003లో ఎయిర్ డెక్కన్ విమానసంస్థను ప్రారంభించారు. అందరూ గోపీనాథ్‌లు కాలేరు, నిజమే. కానీ చిన్న వయసులోనే పదులమంది ప్రాణాల బాధ్యత మోసిన అనుభవానికి బయట విలువ లేదనడం తప్పు. సరఫరాలు చూసే ఏఎస్‌సీ, గోదాములు చూసే ఆర్డ్‌నెన్స్ అధికారులకు లాజిస్టిక్స్ కంపెనీల దారి కాస్త సులువు. అంతవరకే తేడా.

అపోహ: సైన్యంలో పైలట్ అయితే ఎయిర్‌లైన్స్‌లో నేరుగా చేరొచ్చు.

వాస్తవం: ఎగిరిన గంటలు లెక్కలోకి వస్తాయి. కానీ పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పరీక్షలు రాసి పౌర లైసెన్సు తీసుకోక తప్పదు.

అపోహ: బయటికొచ్చాక మన బాధ మనదే.

వాస్తవం: రక్షణ శాఖ కింద పునరావాస డైరెక్టరేట్ ఉంది. ఐఐఎంలలో అధికారుల కోసం మేనేజ్‌మెంట్ కోర్సులు నడిపిస్తుంది, ఫీజులో కొంత భరిస్తుంది. ఈ సంగతి చివరి ఏడాదిలో తెలుసుకుని పరుగులు పెట్టేవాళ్లు ఎక్కువ.

నా మాటగా ఒకటి చెబుతాను. మొదటి కోరికగా మీరు మనస్ఫూర్తిగా పనిచేయగల దళాన్నే రాయండి, రెండో ఉద్యోగం లెక్కలు ఆ తర్వాత. ఇష్టాలు రాసిచ్చే ఆ ఫారం నింపే ముందు, ఆ దళంలో పదేళ్లు చేసి వచ్చినవారు ఒక్కరైనా మీ ఊళ్లోనో జిల్లాలోనో ఉంటారు, వెళ్లి ఓ గంట మాట్లాడండి.