మీకు తెలుసా? ఇంటి చుట్టూ చెట్లుంటే...

● వేసవిలో ఇంటిని బాగా వేడెక్కించేది పడమటి ఎండ. అటువైపు వేపో, కానుగో ఉంటే ఆ ఎండ గోడను తాకదు. గోడ కాగకపోతే రాత్రి గదిలో ఉక్క తగ్గుతుంది, ఏసీ మీద భారమూ తగ్గుతుంది.

● చెట్టు ఇచ్చేది నీడ ఒక్కటే కాదు. వేళ్లు పీల్చిన నీరు ఆకుల నుంచి ఆవిరవుతూ చుట్టుపక్కల గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

● గోరింట, మందార దగ్గర దగ్గరగా నాటితే పచ్చని కంచె అవుతుంది. వీధి దుమ్ము చాలావరకు ఆ ఆకుల మీదే ఆగిపోతుంది.

● కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే పురుగులు సీతాకోకచిలుకల పిల్లలే. కనబడగానే మందు కొట్టేయకండి.

● అమెరికాలోని ఓ ఆసుపత్రిలో పిత్తాశయ ఆపరేషన్ చేయించుకున్నవారిని పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ పరిశీలించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇంటికెళ్లారు. ఈ ఫలితాలు 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

● మునగకు విత్తనమే అక్కర్లేదు, కొమ్మ పాతినా బతుకుతుంది. కాకపోతే కొమ్మలు పెళుసు. కరెంటు తీగలకు దూరంగా నాటాలి. రావి, మర్రి వేళ్లు గోడల్ని చీలుస్తాయి కాబట్టి అవి ఇంటి పక్కన వద్దు.

తొలకరి పడగానే నాటితే వానాకాలమంతా మొక్కకు నీటి కొరత ఉండదు. ఈసారి ఇంటికి పడమటి వైపు ఒక్క మొక్కైనా నాటండి!