సమానమైన పందెము

ధనమున్నవానికే జయము కలుగు పందెమును చూచి ఎవరు సంతోషింతురు? మోటారు సైకిలు పందెములలో ఈ కీడు ఎల్లప్పుడును పొంచియుండును. అధిక ధనము వెచ్చించి మేలైన ఇంజనును సమకూర్చుకొనినవాడు ముందునకు పోవును. నేర్పుండియు ధనము లేనివాడు వెనుకబడును. తుదకు పోటీచేయువారే కరవగుదురు.

బ్రిటనులోని ఔత్సాహికులు దీనికొక ఉపాయము కనుగొనిరి. బి.ఎస్.ఏ. కంపెనీ 1948లో బాంటమ్ అను చిన్న మోటారు సైకిలును విడుదల చేసెను. తొలి బాంటమ్ సిలిండరు పరిమాణము 123 ఘన సెంటీమీటరులు మాత్రమే. తంతివార్తలు పంచు తపాలా కుర్రవారు దానిపై తిరిగెడివారు. లక్షలకొలది తయారగుటచే పాత బండ్లు చౌకగా దొరికెను. 1960ల దశకమున వానితోనే పందెములు సాగినవి. అందరిదియు ఒకే జాతి ఇంజను. దాని పరిమాణమునకును హద్దు కలదు.

ఐనను, ఒకే జాతి బండి యైనంతమాత్రమున సమత్వము సిద్ధింపదు. ఇంజను లోపలి భాగములను రహస్యముగా మార్చవచ్చును. అందుచే కొన్ని పందెములలో ఇంజనులకు సీలు వేయుదురు. పిదప విప్పి పరీక్షింతురు. తేలికైన చోదకునకు అదనపు లాభము కలుగకుండ బండిని, అతనిని కలిపి తూచుదురు. అమెరికాలోని కొన్ని మోటారు పందెములలో వేరొక నియమము కలదు: గెలిచినవాని ఇంజనును ముందుగా నిర్ణయించిన వెలకు కొనుటకు ఓడినవారికి హక్కుండును. అట్టి ఇంజనుపై ఎవడు విపరీతముగా వెచ్చించును?

బాలబాలికలారా! పరుగుపందెమున అందరిని ఒకే గీతపై నిలుపుదుము గదా! ఈ నియమములన్నియు ఆ గీత వంటివే. అచటినుండి ముందునకు పోవుట ఎవరి నేర్పు వారిది.