మాట ముందు, ఆట వెనుక

మా పెద్దవాడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చి, భోజనాల దగ్గర చల్లగా ఒక మాట అన్నాడు. చదువు కాగానే ఉద్యోగంలో చేరడట. నలుగురు స్నేహితులతో కలిసి వీడియో ఆటలు తయారు చేస్తాడట!

"ఆడటం చాలక తయారు చెయ్యడం కూడానా?" అన్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన ఆటలు చదరంగం, పులిజూదం.

"నాన్నగారూ, గిల్‌ఫర్డ్ వాళ్ళ కథ వినండి. తరవాత తిడుదురుగాని" అన్నాడు. విన్నాను. ఆపైన నేనూ కొంత చదివాను.

గిల్‌ఫర్డ్ ఇంగ్లండులో ఒక ఊరు. అక్కడ నలుగురు మిత్రులు 'హలో గేమ్స్' అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. వారిలో షాన్ మర్రే అనే ఆయన పెట్టుబడి కోసం ఏకంగా ఇల్లు అమ్మేశాడు. (ఈ మాట విని మా ఆవిడ వడ్డన ఆపి నిలబడిపోయింది. మా ఇల్లు ఆవిడ పేరనే ఉంది లెండి.) 2010లో వచ్చిన 'జో డేంజర్' అనే మోటారు సైకిలు ఆట వాళ్ళను నిలబెట్టింది.

2013 డిసెంబరులో 'నో మ్యాన్స్ స్కై' అనే కొత్త ఆట మచ్చు చూపించారు. అందులో ఆటగాడు అంతరిక్షంలో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతాడు. ఎన్ని గ్రహాలనుకున్నారు? 1,84,46,74,40,73,70,95,51,616! వీటిని ఎవరూ బొమ్మలు గీసి పెట్టలేదు. ఒక అంకె ఇస్తే, దాన్నిబట్టి సూత్రాలే కొండలనూ నీళ్ళనూ జంతువులనూ పుట్టిస్తాయి; అదే అంకె మళ్ళీ ఇస్తే అదే గ్రహం. ఇది నాకు వెంటనే బోధపడింది. వ్యాకరణంలో మాత్రం? సూత్రాలు గుప్పెడు, మాటలు కోకొల్లలు. అన్నట్టు, చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టించి గింజలడిగి రాజును ముంచిన పండితుడి కథ మనకు తెలిసిందే. ఆ మొత్తానికి ఒక్క గింజ కలిపితే సరిగ్గా ఈ గ్రహాల లెక్క!

నెల తిరక్కముందే, క్రిస్మస్ ముందురోజున, వరద వచ్చి వాళ్ళ కార్యాలయం మునిగింది. యంత్రాలు పోయాయి. తేరుకున్నారు. తేరుకోలేనిది మాటల వరద. పత్రికలవాళ్ళు అడుగుతున్నారు, మర్రే చెబుతున్నాడు. ఆటగాళ్ళు ఒకరికొకరు ఎదురుపడవచ్చా అంటే, అరుదే గాని పడవచ్చన్నాడు. 2016 జూన్‌లో రావలసిన ఆట ఆగస్టుకు వాయిదా పడితే చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి. ఒక ఆట కోసం!

ఆగస్టులో ఆట వచ్చింది. వచ్చిన వెంటనే ఇద్దరు ఆటగాళ్ళు కూడబలుక్కుని ఒకే గ్రహం మీద, ఒకేచోట, ఒకే వేళకు వచ్చి నిలబడ్డారు. ఎవరికెవరూ కనిపించలేదు. నేనిక్కడున్నానంటే నేనూ ఇక్కడే ఉన్నానని రెండోవాడు! ఆ ముచ్చట లోకమంతా పాకింది. 60 డాలర్లు పోసి కొన్నవాళ్ళు మండిపడ్డారు. ప్రకటనల మీద ఫిర్యాదులు వెళ్ళాయి. బ్రిటనులోని తనిఖీ సంస్థ మోసం లేదని నవంబరులో తేల్చింది. తేల్చినా నా మటుకు నేను కొన్నవాళ్ళనే సమర్థిస్తాను. వాళ్ళు డబ్బిచ్చింది ఆ మాటలు విని.

అప్పుడు మర్రే చేసిన పని నాకు నచ్చింది. నోరు మూసుకున్నాడు. క్షమాపణల పత్రాలు లేవు, ఎదురు వాదనలు లేవు. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేక, నవంబరు చివర ఆటకు కొత్త చేర్పు ఒకటి వచ్చింది. కొన్నవాళ్ళకు ఉచితం. తరవాత మరొకటి, ఇంకొకటి. 2018 జూలైలో వచ్చిన చేర్పుతో ఆటగాళ్ళు ఒకరికొకరు కంటికి కనిపించారు. 2020లో, విడుదలయ్యాక కూడా పెరుగుతున్న ఆటల్లో ఉత్తమమైనదని బహుమానం వచ్చింది.

"చూశారా!" అన్నాడు మావాడు.

"చూశాను. ఇల్లు అమ్ముకుని, ఆటా పోగొట్టుకున్నవాళ్ళ కథ ఎవరు చెబుతారురా?" అన్నాను.

జవాబు లేదు. వాళ్ళమ్మ పెరుగు వేస్తే కలుపుకున్నాడు. కాసేపటికి, డిగ్రీ పూర్తి చేస్తానని, అంతవరకూ ఆదివారాలే ఈ పని అని తనంతట తానే అన్నాడు.

"ఇంతకూ ఏం ఆటరా అది?"

నవ్వి ఊరుకున్నాడు. పూర్తయ్యాక చూపిస్తాడట.