మూడు షరతులు: క్రైస్తవం మాదిగ బతుకును మార్చిన తీరు

క్రైస్తవం పుచ్చుకున్న పేదవాణ్ణి గురించి మన వాళ్ళు సాధారణంగా రెండు మాటలు అంటారు. గంజి కోసం, గోధుమ నూక కోసం, పాలపొడి కోసం మతం మారాడని ఒక మాట. యేసు అతని హృదయాన్ని తాకాడు, తాగుడు మానాడు, మనిషయ్యాడని మరొక మాట. మొదటిది ఎగతాళి, రెండోది సాక్ష్యం. మారిన మనిషి ఏ ఊళ్ళో, ఎవరి పొలంలో, ఏ చాకిరీ చేస్తూ బతికాడన్న ప్రశ్న మాత్రం రెండూ అడగవు. అభ్యుదయవాదులమనుకునే మనమూ తక్కువ తినలేదు. 1844లో మార్క్స్ మతాన్ని నల్లమందుతో పోల్చాడన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాం. మతంలో పీడితుల బాధా, ఆ బాధ మీద నిరసనా కలిసి ఉంటాయని ఆయన అదే చోట అన్న సంగతి మన ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి తెలుగునాట ఒంగోలును మించిన చోటు లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. పదేళ్ళకు ధాత కరువు వచ్చిపడింది. 1876-78 మధ్య జనం మలమల మాడి చస్తుంటే ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. అందులో మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ గుత్తకు తీసుకున్నాడు, వేలమందికి కూలి దొరికింది. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్క రోజులో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో, 2,222 మంది మునిగి లేచారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది.

గంజి సిద్ధాంతం ఇక్కడ పూర్తిగా నిలవదు, పూర్తిగా కూలిపోదు కూడా. కూలి ఇచ్చినవాడి దేవుణ్ణి నమ్మడంలో వింత లేదు. కూలి ఎగ్గొట్టేవాడి దేవుణ్ణి అన్ని వందల ఏళ్ళు నమ్మి ఉండడమే వింత. అయితే కరువుకు పదేళ్ళ ముందే వచ్చినవాళ్ళున్నారు. అందరికన్నా ముందు వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. దేవుడొక్కడే, విగ్రహంలో లేడు అన్న సంగతి అతను మిషనరీ దగ్గర నేర్చుకోలేదు. గురువుల దగ్గర రాజయోగం అభ్యసించి, శిష్యులను కూడా సంపాదించుకుని, ఆ తర్వాతే ఒంగోలు దొర కోసం వెతుక్కుంటూ పోయాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్యను ఎరిగిన రాయలసీమవాళ్ళకు ఈ దారి కొత్త కాదు. విత్తనం అమెరికాదైనా, దున్నిన నేల మనదే.

క్లౌ తన దగ్గరికి వచ్చినవారికి పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. పైకి చూస్తే ఇవి మతాచారాలు. ఊరి ఉత్పత్తి సంబంధాల్లో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

ఆదివారం సంగతి తీసుకోండి. ఊరి మాదిగకు వారమనే లెక్క లేదు. పనికి పిలుపు వస్తే పగలు, రాలేదంటే రాత్రి. చెప్పులు కుట్టాలి, మోకులు పేనాలి, కపిలబాన చిరిగితే అతుకు వెయ్యాలి. బాన లేనిదే బావి నీళ్ళు పైకి రావు, నీళ్ళు రాకపోతే రైతు మడి ఎండుతుంది. ఇంత పనికీ ప్రతిఫలం కళ్ళంలో కొలిచే మేర గింజలు. అలాంటి మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు రానన్నాడు. ఎందుకు రావని అడిగితే, దేవుడు వద్దన్నాడన్నాడు. ఆ ఒక్క రోజుతో మడి ఎండిపోదు. అసలు నష్టం మరొకటి: మాదిగవాడి రోజుల మీద ఊరికి ఉన్న సర్వహక్కుకు మొదటిసారి ఒక మినహాయింపు వచ్చింది. కార్మికుడి వారాంతపు సెలవు కోసం యూరప్‌లో ఎన్ని సమ్మెలు జరిగాయో చదివిన మనకు, పల్లెలో ప్రార్థన పేరిట జరిగిన ఈ పని నిలుపుదల ఎందుకు కనపడలేదో అర్థం కాదు.

రెండో షరతు మరీ పెద్దది. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం మాదిగ విధి, దాని తోలూ మాంసమూ అతని హక్కు. విధినీ హక్కునూ ఒకే తాడుతో కట్టిన ఏర్పాటు ఇది. మాంసం వద్దనడం అంటే జీతంలో ఒక భాగాన్ని వదులుకోవడం. కరువు దేశంలో కడుపుకు అది చిన్న త్యాగం కాదు. నోటి ముందున్న కూడు వదిలినవాణ్ణి పట్టుకుని కూటి కోసం మారాడనడం ఎంత అన్యాయమో చూడండి. పైగా అంటరానితనానికి ఊరు చూపించే సాకుల్లో చచ్చిన గొడ్డే మొదటిది. ఆ సాకు పోయింది. అంటరానితనం మాత్రం పోలేదు. సాకు తీసేశాక కూడా రోగం అలాగే ఉందంటే, రోగానికి కారణం అది కాదని బయటపడింది.

మూడోది జాతర మీద పడింది. మా చిత్తూరు వైపు పలక అంటాం, తక్కిన చోట్ల డప్పు. పలక మోగనిదే అమ్మవారు కదలదు, పీనుగ లేవదు. మాదిగ కొట్టనన్నాడు. ఊరి పెద్దలూ కరణాలూ ఊరుకోలేదు. బావులు మూశారు, తప్పుడు కేసులు పెట్టారు, ఊరి వృత్తులవాళ్ళను కొత్త విశ్వాసుల ఇళ్ళకు పోవద్దన్నారు. ఇన్ని జరిగినా చాలామంది వెనక్కు పోలేదు. ఈ తెగువ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ భౌతిక పరిస్థితులంటూ తప్పుకోవడం కుదరదు, విశ్వాసాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పల్లెలో అమ్మవారి భయమూ మునసబు భయమూ ఒకే ముడి. జాతరకు పలక కొట్టకపోతే అమ్మవారు కళ్ళు పోగొడుతుందన్నది మునసబుకు కాపలా. అమ్మవారికి భయపడనక్కరలేదని నిజంగా నమ్మినవాడికి మునసబు సగం చిన్నవాడైపోయాడు. ఆ సగం భయం పోవడమే మార్పు. మిగతా సగం పోవడానికి పుస్తకం పనికివచ్చింది. బైబిలు చదవడానికి నేర్చిన అక్షరాలతోనే కూలిలెక్కలూ కోర్టు నోటీసులూ చదవవచ్చు.

మతం ఉన్నంత మాత్రాన ఈ మార్పు వస్తుందనుకుంటే పొరపాటు. మన జిల్లాలోనే ఎదురు ఉదాహరణ ఉంది. పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు ప్రాంతానికి వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసులుగా బతికారు. పై కులాలను చేర్చుకోవాలనే ఆశతో కులం జోలికి పోలేదు. రెడ్లు కొందరు క్రైస్తవులయ్యారు, రెడ్లుగానే మిగిలారు. అదే యేసు, అదే బైబిలు. ఊరితో ఏ పేచీ పెట్టుకోని విశ్వాసం ఊళ్ళో ఏదీ కదిలించలేదు.

ఒంగోలు తర్వాతి కథ కూడా అంత నిండైనది కాదు. బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువై, సంఘాలే కులాల హద్దులుగా మారాయి. ఇటు మదనపల్లెలో ఆర్కాటు మిషన్, తిరుపతి, పుత్తూరు, కాళహస్తి వైపు జర్మన్ లూథరన్లు, 1915 నుంచి క్షయరోగులను చూసిన ఆరోగ్యవరం - వీటి వల్ల పేటల నుంచి నర్సులూ టీచర్లూ కాంపౌండర్లూ వచ్చారు. మంచిదే. ఉద్యోగంతో పాటు విధేయత కూడా వచ్చింది. జాషువా జీవితంలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. పురాణ కథలు రాశాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరం పెట్టారు, క్రైస్తవుడని హిందూ పండితులు దూరం పెట్టారు. 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడు తన గోడును శివుడికి పంపుకున్నాడు. సాహిత్య అకాడమీ బహుమతి మాత్రం 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు వచ్చింది. ఈ వైరుధ్యాన్ని మన విమర్శ ఇప్పటికీ సరిగా విప్పలేదు. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చాక బకింగ్‌హాం కాలువ కరువు, పేట మతం మారడం నవలలోకి ఎక్కాయి. అందులో జ్ఞాపకాలు చెప్పేది రూతు అనే వృద్ధురాలు. మిషనరీల చరిత్రలో అంకెగా మిగిలిన మనిషి అక్కడ మాట్లాడాడు.

చట్టం సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి మారినవాడికి కులం లేదట. ఊరు ఈ వాదన ఎన్నడూ విన్నట్టు లేదు. మన రాష్ట్రం అతన్ని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గుంపులో పెట్టి ఒక శాతంతో సరిపెట్టింది. 2022లో కేంద్రం ఈ విషయం మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఈలోగా పిల్లలకు రెండేసి పేర్లు తప్పడం లేదు. హాజరుపట్టీ పిలిచే ఉపాధ్యాయులందరికీ తెలుసు: బడిలో వెంకటేశు, గుడిలో యేసుపాదం. దీన్ని మోసమనే వాళ్ళున్నారు. ఒకే మనిషిని ఊరు ఒక విధంగా, చట్టం మరొక విధంగా గుర్తిస్తుంటే, బతకడానికి అతను పెట్టుకున్న లెక్క అది.

1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచెయ్యవద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టవచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన స్త్రీ పేరు సువార్తమ్మ. నూరేళ్ళ క్రితం మూడో షరతు కింద పడేసిన పలక కూడా తిరిగి ఆ జిల్లాలోనే మోగింది. 1994 జూలై 7న ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా దాన్ని తన గొంతు చేసుకుంది. జాతరలో ఊరి కోసం కొట్టిన పలక వేరు, ఇది వేరు. ఇప్పుడు కొన్ని సంఘాల్లో క్రిస్మస్ ఊరేగింపుకు కూడా డప్పు వస్తున్నది. క్లౌ దొర ఉండి ఉంటే ఏమనేవాడో సంఘ పెద్దలే చెప్పాలి.