పెళ్లి ఫొటోలకు తాళం పడితే

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచం మీద పడింది. ఆ దెబ్బకు మన రాష్ట్రంలో చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు చిక్కుకున్నాయి. కొద్ది రోజులకే తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసుల్లోని కొన్ని పాత కంప్యూటర్లకూ అదే గతి పట్టింది. వానాక్రై ప్రవేశించిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

ఇంటి కంప్యూటర్ కథ వేరు. వాకాడు అనే ఊళ్లో ఒక ఇంటినే తీసుకోండి. కంప్యూటర్‌లో రొయ్యల చెరువుల మేత లెక్కలు, పట్టాదారు పాస్‌బుక్కుల స్కాన్‌లు, విద్యానగర్‌లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ప్రాజెక్టు, అక్క పెళ్లి ఫొటోలు ఉంటాయి. ఆ ఇంటికి కంతలు వెతుక్కుంటూ రావలసిన పని దొంగకు లేదు. ఫొటోషాప్‌నో, ఆటనో డబ్బు కట్టకుండా నడిపించే ‘క్రాక్’ దొరికిందని మనమే లోపలికి పిలుస్తాం. ఆ క్రాక్ చెప్పిందని యాంటీవైరస్‌ను కూడా ఆపేస్తాం. 2018 నుంచి ఇళ్ల మీద పడి బతికిన ‘స్టాప్’ అనే రాన్సమ్‌వేర్‌కు రాజమార్గం ఇదే. డీజేవూ అనే పేరుతోనూ దాన్ని పిలుస్తారు. కార్పొరేట్ కంపెనీల జోలికి పోకుండా విద్యార్థులనూ చిన్న దుకాణదారులనూ దోచింది కాబట్టి పత్రికల్లో దాని పేరు పెద్దగా వినపడలేదు. నాకు మాత్రం వానాక్రై కన్నా ఇదే ఎక్కువ క్రూరంగా కనిపిస్తుంది.

అది పనిచేసే తీరు చూడండి. క్రాక్ నడిపిన కాసేపటికి తెర మీద విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక పెట్టె కనిపిస్తుంది. అది నకిలీ. డిస్కు ఎందుకంత గిరగిరా తిరుగుతోందన్న అనుమానం మనకు రాకూడదని పెట్టిన తెర. దాని వెనక ఒక్కో ఫైలుకూ తాళం పడుతూ ఉంటుంది, పేరు చివర కొత్త తోక చేరుతూ ఉంటుంది. విండోస్ దాచుకునే పాత నకళ్లు చెరిగిపోతాయి. భద్రతా సంస్థల వెబ్‌సైట్లు తెరుచుకోకుండా కంప్యూటర్‌లోని చిరునామాల పట్టికలో కొత్త గీతలు పడతాయి. వైద్యం కోసం వెతికేవాడికి ఆసుపత్రి దారే మూసేస్తుందన్నమాట. చాలాసార్లు పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామును కూడా వెంట తెచ్చుకుంటుంది. చివరికి రీడ్‌మీ అనే చీటీ దొరుకుతుంది. సుమారు వెయ్యి డాలర్లు కట్టాలని, 72 గంటల్లో సంప్రదిస్తే సగానికే ఇస్తామని అందులో ఉంటుంది.

ఇక్కడ చాలామంది రెండు పనులను ఒకటిగా కలిపేసుకుంటారు. వైరస్‌ను తీసేయడం ఒక పని, ఫైళ్లు తిరిగి రావడం ఇంకో పని. మంచి యాంటీవైరస్ మొదటిది చేస్తుంది. రెండోది దాని చేతిలో లేదు. తాళం వేసినవాడు వెళ్లిపోయినా తాళం అలాగే ఉంటుంది. షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు, ఫైళ్లు తెరిచే అవకాశాన్ని కూడా దానితోపాటే చెరిపేసుకుంటారు.

ఆ అవకాశం ఎక్కడుందో చెప్పాలంటే కొంచెం లోతుకు వెళ్లాలి. స్టాప్ మొదలవగానే తన సర్వర్‌ను పిలిచి, ఈ ఒక్క కంప్యూటర్ కోసమే చేసిన తాళంచెవిని అడుగుతుంది. అది దొరికితే మనకు దారి దాదాపు మూసుకుపోయినట్టే. సర్వర్ దొరకకపోతే తన పొట్టలోనే దాచుకున్న ఒక తాళంచెవిని వాడుకుంటుంది. ఆ రకం స్టాప్ బారిన పడి, నెట్ అందని కంప్యూటర్లన్నిటికీ అదే చెవి. అందుకే ఎక్కడో ఎవరో డబ్బు కట్టి దాన్ని సంపాదించి పరిశోధకులకు అందిస్తే, మిగతా అందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. తుపాను గాలికి నెట్ పోయిన రోజున, స్నేహితుడు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి క్రాక్ నడిపినవాడికి ఆ నెట్ లేకపోవడమే మేలు చేసి ఉండవచ్చు. చీటీలో ఇచ్చిన వ్యక్తిగత గుర్తింపు వరుస ‘టీ1’ అనే అక్షరాలతో ముగిసిందేమో చూడండి. ముగిస్తే అది అందరికీ ఒకటే అయిన తాళంచెవి.

ఈ దారిని జనానికి తెరిచినవాళ్లలో ముఖ్యుడు మైకేల్ గిలెస్పీ. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తూ, రాత్రిళ్లు కూర్చుని రాన్సమ్‌వేర్‌ల గుట్టు విప్పినవాడు. ఎమ్సిసాఫ్ట్ అనే భద్రతా సంస్థతో కలిసి 2019 అక్టోబరులో స్టాప్ తాళం తీసే ఉచిత సాధనం తెచ్చాడు. అది 148 రకాలకు పనికొచ్చింది. ఆ మంచి పేరునూ మోసగాళ్లు వదల్లేదు. స్టాప్ తాళం తీస్తామంటూ 2020లో వచ్చిన ఒక సాధనం నిజానికి జొరాబ్ అనే మరో రాన్సమ్‌వేర్. ఏడుస్తూ వచ్చినవాడి ఫైళ్లకు రెండో తాళం వేసింది. అందుకే వీడియోల కింద ఇచ్చిన లింకుల్లోంచి ఇలాంటివి దించుకోవద్దని బతిమాలి చెబుతున్నాను. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైటులో నమ్మదగినవి ఉచితంగా ఉన్నాయి.

ఇంకో చిన్న ఊరట ఉంది. తొందరగా పని ముగించాలని స్టాప్ ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లు మాత్రమే చెడగొడుతుంది. ఫొటోకు అది పెద్ద గాయమే. గంటల నిడివి ఉన్న పెళ్లి వీడియోకు మాత్రం తల పోయి ఒళ్లంతా మిగిలినట్టు. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి ఉంటే, దాన్ని నమూనాగా పెట్టుకుని తలను మళ్లీ అతికించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

తాళాలు పడుతుండగానే గమనిస్తే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుని యంత్రాన్ని ఆపేయండి. నెట్ తీగ, పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్‌డిస్కు పీకేయండి. పాస్‌వర్డులు మార్చాలి, ముందుగా ఈమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. అదీ శుభ్రంగా ఉన్న వేరే ఫోన్‌లోంచి. తాళం పడిన ఫైళ్లనూ ఆ చీటీనీ విడిగా ఒక డిస్కులోకి ఎత్తి భద్రపరచండి, తాళంచెవి రేపు దొరకవచ్చు. ఆ తర్వాతే విండోస్‌ను తిరిగి వేసుకోవడం. డబ్బు కట్టినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. బ్యాంకు డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా శుభ్రపరిచే సాధనాలు ఇస్తోంది.

క్రాక్ వాడేవాళ్లను దొంగలని తిట్టడం నాకు ఇష్టం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ధరలు మన ఊరి విద్యార్థికి అందేవి కావు. కానీ ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్ ఉంది, తెలుగు మెనూలతో సహా. ఫొటోలకు గింప్ ఉంది. రెండూ పైసా అడగవు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు విండోస్‌కు బదులు లైనక్స్ వైపు కూడా చూడవచ్చు.

ఇక నకలు సంగతి. బయటి హార్డ్‌డిస్కు కొని ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, తాళం దానికీ పడుతుంది. నెలకొకసారి తగిలించి, నకలు తీసి, పీకేయాలి. వాకాడు వాళ్లకు ఇంకో మాట. 2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగి ఎంత నష్టం చేసిందో తెలిసినవాళ్లు, ఒక నకలును గూడూరులోనో నెల్లూరులోనో బంధువుల ఇంట్లో ఉంచుకోవడం మంచిది.