ఎంసీబీ కాపాడేది వైరును

భారీ వానలకు సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఏడుపాయల దగ్గర మంజీర నది పొంగి వనదుర్గమ్మ గుడిని ముంచెత్తుతుంది. అలాంటప్పుడు పూజలు రాజగోపురంలో జరుగుతాయి. అవే వానలకు చుట్టుపక్కల ఊళ్లలో గోడలు చెమ్మగిల్లుతాయి, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ‘కరెంటు పాసైతుంది’ అనుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని లైటు వేసుకుంటారు.

కొత్త ఇళ్లవాళ్లకు ఒక ధీమా: ‘ఎంసీబీలు పెట్టించినం కదా!’ కానీ ఎంసీబీ ఉన్నది వైరు కోసం. లోడు ఎక్కువైనా, షార్టయినా అది పడిపోతుంది, వైరు కాలిపోకుండా ఆగుతుంది. లైట్ల లైనుకు సాధారణంగా వేసేది 6 ఆంపియర్లది. మనిషి ఒంట్లోంచి అందులో 200వ వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్లు పారినా ప్రాణం మీదికి రావచ్చు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగేదే అంతకంటే ఎక్కువ. మనిషి షాక్‌తో గిలగిల్లాడుతున్నా ఎంసీబీకి మరో బల్బు వెలిగినట్టే లెక్క.

మనిషిని కాచేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది సరిచూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంత తేడా వచ్చాక 0.3 సెకను దాటకుండా లైన్ కట్ చేస్తుంది. అయితే లోడును అది పట్టించుకోదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కూడా కాపాడలేకపోవచ్చు. ఎర్తింగ్ బాగుంటే లీకేజీ మనిషి ముట్టుకోకముందే బయటపడుతుంది.

చాలామంది ఆర్‌సీసీబీని గీజరుకే పెట్టించి, లైట్లకేం అవసరమని వదిలేస్తారు. బాత్రూం హోల్డరు, వాకిట్లో తడిసే బల్బు ఉన్నది ఆ లైన్లోనే! ఇళ్లలో లైట్ల లైన్లకూ ఈ రక్షణ ఉండాలని బ్రిటన్ వైరింగ్ ప్రమాణం 2018లో చేర్చింది.

అసలు తంటా పాత వైరింగ్‌తో. లైట్ల న్యూట్రల్, ప్లగ్గుల న్యూట్రల్ ఎక్కడో గోడలో కలిసిపోయి ఉంటాయి. ఆర్‌సీసీబీ బిగించగానే ఊరికే ట్రిప్ అవుతుంది. రెండుసార్లు చూసి, ‘పీస్ ఖరాబైంది సార్’ అని డైరెక్ట్ చేసి పోయే ఎలక్ట్రీషియన్లున్నారు. నిజానికి ఆ పరికరం తన పని తాను చేస్తోంది. న్యూట్రళ్లు విడదీయించాలి, ఎంత విసుగైనా సరే. ఇల్లంతా ఒక్కసారే చీకటి కాకుండా, వీలైతే లైట్లకు విడిగా ఇంకో ఆర్‌సీసీబీ పెట్టించడం మేలు.

దాని మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. ట్రిప్ కాకపోతే వెంటనే మార్పించండి. ఇక, బట్టలారేసే దండేనికి ఇనుప తీగ వద్దు. లైటు వైరు ఒరుసుకుంటే తడి బట్టలతో సహా అంతా కరెంటే. ప్లాస్టిక్ తాడు కట్టుకోండి.